హోం సైన్సులో డింకీ

మా ఇంట్లో ఉండేది నలుగురం. పదో తరగతి పాసైనవాళ్లు ముగ్గురు. నాలుగోవాణ్ణి నేను.

ఏడాది కిందట కూడా మా ఇంట్లో పాసైనవాళ్లు ముగ్గురే. కాకపోతే ఆ ముగ్గురిలో నేనున్నాను, మా ఆవిడ లేదు. నేను పాసైంది 1996లో, పెళ్లిచూపుల్లో, మా మేనమామ నోటి మీదుగా. "అబ్బాయి టెన్త్ పాసయ్యాడు, గుంటూరు మిరప యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా" అన్నాడాయన. రెండో ముక్క నిజమే కదా అని మొదటి ముక్కనూ నమ్మేశారు పర్చూరు వైపు వాళ్లు. నేను తల ఎత్తలేదు. పెళ్లికూతురి కన్నా పెళ్లికొడుకే ఎక్కువ సిగ్గుపడ్డాడని వాళ్ల బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది సిగ్గు కాదని వాళ్లకు తెలీదు.

జరిగిందేమిటంటే, 1988 మార్చిలో నాకు లెక్కలూ ఇంగ్లీషూ పోయాయి. మార్చి పోతే సెప్టెంబరు, సెప్టెంబరు పోతే మార్చి. ఇంగ్లీషు ఒక సెప్టెంబరులో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. లెక్కలు కదల్లేదు. గజనీ మహమ్మదుకున్న పట్టుదల నాకెక్కడిది? నాలుగో దండయాత్రకే గుర్రం దిగి కొట్లో చేరాను.

మెమో ఏదని ఎవరైనా అడిగితే తుఫానులో కొట్టుకుపోయిందనేవాణ్ణి. 1990 మే తుఫాను పెద్దదే, కాదనేవాళ్లు లేరు. కానీ అబద్ధమాడేవాడికి జ్ఞాపకశక్తి ఉండాలి. ఒకసారి మాటల్లో పడి 1977 దివిసీమ ఉప్పెనలో పోయిందన్నానట. అప్పటికి నాకు ఐదేళ్లు. మా ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు. అన్నం వడ్డించి ఊరుకుంది. ఆవిడ ఏమీ అనని రోజుల జాబితా ఒకటి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆవిడ చదువు తొమ్మిదిలో ఆగింది. 1992లో పత్తి తీతకు కూలీలు దొరక్క, ఒక్క నెల బడి మానేసి చేలోకి రమ్మన్నారట ఇంట్లో. ఆ నెల 32 ఏళ్లు నడిచింది. పిల్లలిద్దరి టెన్త్ అయిపోయాక, "నాకూ పది పాసవ్వాలనుందండీ" అంది ఓ రాత్రి, పొయ్యిగట్టు తుడుస్తూ. నేను పాసైనవాడి హోదాలో చిన్న ఉపన్యాసం ఇచ్చాను. చదువుకు వయసుతో పని లేదు, కష్టమైతే నేను చెబుతాలే, భయపడమాక. 'నేను చెబుతాలే' అన్న మాట దగ్గర ఆవిడ గుడ్డ పిండుతూ ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. అది కృతజ్ఞత అనుకున్నాను.

మా అమ్మాయి ఓపెన్ స్కూలు సంగతులన్నీ కనుక్కొచ్చింది. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. ఐదు సబ్జెక్టులు. అందులో ఒక భాషైనా ఉండాలి, మిగతావి మనం ఏరుకోవచ్చు. ఒక్కోదానిలో 35 రావాలి. ఐదేళ్ల గడువు, ఆ గడువులో 9 సార్లు పరీక్ష రాసుకోవచ్చు. అన్నిటికన్నా నన్ను పట్టేసింది ఇంకో సంగతి. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, పోయినదాన్ని మాత్రమే మళ్లీ రాయాలి. బడిలో రెగ్యులర్‌గా రాసి తప్పిన పిల్లలైతే అక్కడ పాసైన వాటిలో రెండింటిని ఇక్కడికి తెచ్చుకునే వీలు కూడా ఉందట. దాన్నే క్రెడిట్ బదిలీ అంటారని మా అమ్మాయి చెప్పింది.

క్రెడిట్ అంటే మా భాషలో జమ. ముప్పై ఏళ్లుగా నేను రాసేది జమాఖర్చులే. రైతు పేరున ఇన్ని టిక్కీలు, అంటే మిరప బస్తాలు, జమ, ముందే వాడుకున్న బాకీ ఖర్చు, మిగిలింది పట్టీలో. చదువును కూడా ఇలా ఖాతా తెరిచి విడతలవారీగా జమ కట్టించుకుంటారని ఆనాడే ఎవరైనా చెప్పి ఉంటే నా జీవితం వేరేగా ఉండేది. ఆ మాటే పైకి అనేశాను. ఉత్సాహం ఎప్పుడూ నా కొంప ముంచుతుంది. ఢిల్లీలో నేషనల్ ఓపెన్ స్కూలు పెట్టింది 1989లోనట, అంటే నేను దండయాత్రల మధ్య ఉన్న కాలం. మన రాష్ట్రం 1991లో పెట్టుకుంది గానీ టెన్త్ ఇందులో చేరింది 2008 దాటాకే. "అయ్యో, ఇరవై ఏళ్లు లేటు" అన్నాను.

"ఎవరికి నాన్నా లేటు?" అంది మా అమ్మాయి.

నేను తుఫాను సంగతి ఎత్తబోయాను. అప్పుడు లేచింది మా ఆవిడ. బీరువా తెరిచి, కింది అరలో పరిచిన న్యూస్ పేపరు పైకెత్తి, దాని అడుగు నుంచి నాలుగు మడతలున్న కాగితం ఒకటి తీసి టీపాయ్ మీద పెట్టింది. "ఇదిగోండి, ఉప్పెనలో పోయిన మీ మెమో." మా అమ్మ పోయిన ఏడాది, అంటే 2006లో, అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే దొరికిందట. అమ్మ దాన్ని నా జాతకంతో కలిపి గుడ్డలో చుట్టి దాచింది. రెండూ ఒకే రకం కాయితాలనుకుంది పాపం. లెక్కలు గడిలో 19 అని ఉంది. పద్దెనిమిదేళ్లుగా నేను ఈవిడకు టెన్త్ పాసైనవాడిలా మాట్లాడుతున్నాను, ఈవిడేమో 19 మార్కులవాడి మాటలు వింటున్నట్టు వింటోంది. ఆ ఉపన్యాసాలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చి చెవులు కాలాయి.

"పోనీలెండి, ఇద్దరికీ ఫీజు కడదాం" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సబ్జెక్టులు ఏరుకోవడంలో మా ఇద్దరి స్వభావాలూ బయటపడ్డాయి. ఆవిడ తెలుగు, లెక్కలు, సైన్సు, సోషల్, హోం సైన్సు అంది. లెక్కలు తప్పనిసరి కాదని రెండుసార్లు చెప్పాను. "ఆగిపోయింది అక్కడేగా, అక్కడ్నించే ఎత్తుకుంటా" అంది. నేను లెక్కల వైపు కన్నెత్తి చూడలేదు. నన్ను తక్కువగా అనుకోవద్దు. క్వింటా 14,000 అయితే 43 కిలోల టిక్కీ ఎంతంటే కాటా మీంచి బస్తా దిగేలోగా 6,020 అని చెప్పగలను. కానీ ఎక్స్ విలువ కనుక్కోమంటే ఏ రకం ఎక్స్ అని తెలియాలి కదా. తేజా? 334? తాలా? రకం చెప్పకుండా రేటు అడగడం యార్డులో మర్యాద కాదు. అందుకని తెలుగు, సోషల్, ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్ తీసుకున్నాను. ఐదోది ఏది సులువని చూస్తే హోం సైన్సు కనబడింది. గృహ విజ్ఞానం. ఇంట్లో ఉండేవాడికి తెలియంది ఏముంటుంది, కళ్లు మూసుకుని రాసేయొచ్చు అనుకున్నాను. రాసిందీ అలాగే.

ఈ వార్త డల్లాస్‌లో ఉన్న మా బావమరిదికి చేరింది. వాళ్లబ్బాయి అక్కడ హైస్కూల్లో ఉన్నాడు. అక్క చదువుతోందని సంతోషించి, బావ కూడానా అని అంతకన్నా ఎక్కువ సంతోషించాడు. వాళ్ల పద్ధతి చెప్పాడు. టెక్సాస్‌లో హైస్కూలు డిప్లొమా చేతికి రావాలంటే తక్కువలో తక్కువ 22 క్రెడిట్లు జమ కావాలి. ఇంగ్లీషుకు 4, లెక్కలకు 3, సైన్సుకు 3, సోషల్‌కు 3. ఇంతవరకు బాగానే ఉంది. వ్యాయామానికి 1! బొమ్మలో పాటో నాటకమో నేర్చితే 1! ఇంగ్లీషు కాని మరో భాషకు 2. కొన్నిచోట్ల ఆ భాష తెలుగైనా సరేనట, పరీక్ష రాసి ఆ క్రెడిట్లు తెచ్చుకోవచ్చట. "మావయ్యా, నేను తెలుగు రాస్తున్నాను అవుతున్నాను" అని పిల్లాడు ఫోన్లోంచి అరిచాడు. నేను మా బడి కబడ్డీ జట్టులో కూత పెడితే పక్క ఊళ్లకు వినబడేది. దానికి జమ కట్టినవాడు లేడు, మోకాలి చిప్ప మాత్రం ఖర్చు రాసుకున్నాను.

అసలు ఈ క్రెడిట్ గొడవ 1906లో కార్నెగీ ఫౌండేషన్ వాళ్ల నుంచి వచ్చిందని మా అమ్మాయి ఎక్కడో చదివి చెప్పింది. ఒక సబ్జెక్టులో ఏడాది మొత్తం మీద 120 గంటలు క్లాసులో కూర్చుంటే ఒక యూనిట్. కూర్చోవడమే కొలతైతే కొట్టు గద్దె మీద నా ముప్పై ఏళ్లకు ఎన్ని యూనిట్లో లెక్క కట్టమన్నాను. "ఆ లెక్క మీరే కట్టండి, లెక్కలు రావాలిగా" అంది మా ఆవిడ పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆదివారాలు, సెలవు రోజులు స్టడీ సెంటరులో క్లాసులు. మొదటి రోజు గుమ్మంలో కుర్ర మేష్టారు నన్ను ఆపి, "పేరెంట్స్ బయట కూర్చోండి అంకుల్" అన్నాడు. మా బెంచీల్లో ఆటో నడిపే కుర్రాడు, చంకలో పిల్లతో ఒక అమ్మాయి, స్పిన్నింగు మిల్లులో నైట్ డ్యూటీ చేసి కళ్లు ఎర్రబడ్డ ఇద్దరు, హిందీలో పాస్ కావాల్సిన 20 కూడా తెచ్చుకోలేక రెగ్యులర్‌లో తప్పిన ఒకడు. మా ఆవిడ వెళ్లి ముందు బెంచీలో కూర్చుంది. నా కాళ్లు ముప్పయ్యారేళ్ల తర్వాత కూడా దారి మర్చిపోకుండా నన్ను వెనక బెంచీకి తీసుకుపోయాయి.

ఇక చీర సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని చాలాసేపు ఆలోచించాను.

మా పెళ్లి పాతికేళ్లప్పుడు మా ఆవిడకు పట్టుచీర కొన్నాను. అసలు పట్టు, పదకొండున్నర వేలు అని చెప్పాను. అది మూడువేల రెండొందలు. ఆ ఏడు చేతిలో డబ్బు ఆడలేదు, అదొక కారణం. అంత మెరిసే చీరకు అంతకన్నా ఎక్కువ పెట్టడం దండగ అనిపించడం రెండో కారణం. మొదటిది మొన్నటి దాకా నాకు నేను చెప్పుకున్నది. ఆవిడ దాన్ని నాలుగు పెళ్లిళ్లకు కట్టింది. రెండింట్లో ధర కూడా చెప్పింది.

హోం సైన్సు పుస్తకంలో బట్టల పాఠం ఉంది. పోగును మంటలో పెట్టి అది ఏ నారో తేల్చే పద్ధతి. ఒక సాయంత్రం మా ఆవిడ అగ్గిపెట్టె, పటకారు, సత్తుపళ్లెం ముందు పెట్టుకుని కూర్చుంది. మొదట నా పాత మంగళగిరి పంచె అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించింది. చప్పున అంటుకుంది, కాగితం కాలిన వాసన, పళ్లెంలో బూడిద ఊదితే ఎగిరిపోయేంత తేలిగ్గా పడింది. "నూలు" అని రాసుకుంది. తర్వాత లోపలికెళ్లి చీర తెచ్చింది. నేను టీవీ సౌండు పెంచాను.

కొంగు కుచ్చుల నుంచి ఒక్క పోగు. పుస్తకం ప్రకారం పట్టైతే నెమ్మదిగా కాలాలి, వెంట్రుక కాలిన వాసన రావాలి, మిగిలిన నల్ల ఉండను వేళ్లతో నలిపితే పొడి కావాలి. ఈ పోగు కాలలేదు. ముడుచుకుంది, మైనంలా కారింది, పళ్లెంలో ఆవగింజంత నల్ల పూసై కూర్చుంది. ఆవిడ దాన్ని బొటనవేలితో నలిపింది. నలగలేదు. గోటితో నొక్కింది. రోకలి తెచ్చి అంచుతో కొట్టింది. పూస ఎగిరి వచ్చి నా ఒళ్లో పడింది.

"ఏమండీ, పట్టైతే నలగాలంట."

"పుస్తకం పాతదేమో."

"పుస్తకం ఈ ఏడు ఇచ్చిందే."

"కొన్ని రకాల పట్టు..."

"చెప్పమాకండి" అంది. నోట్సులో 'కృత్రిమ నార' అని రాసి, కింద గీత గీసింది. ఆ చీర మడతపెట్టి మళ్లీ బీరువాలోనే పెట్టింది. మెమో ఉన్న అరలో.

మార్చి వచ్చింది. మాకు మార్చి అంటే యార్డులో ఒక్కోరోజు లక్ష టిక్కీలు దిగే కాలం. కళ్లు, ముక్కు, గొంతు అన్నీ ఘాటుతో ముద్దకట్టి ఉంటాయి. మా కొట్టు యజమానిని సెలవు అడిగాను. "ఎందుకయ్యా సీజన్లో?" అన్నాడు. "పరీక్షలండీ" అన్నాను. ఆయన ముఖం జాలిగా పెట్టి, "ఏం పరీక్షలు? షుగరా?" అన్నాడు. ముప్పై ఏళ్లుగా రైతుల ముందు చదువుకున్నవాడిలా కళ్లజోడు సర్దుకునే గుమాస్తా ఏమంటాడు? అవునన్నాను. అప్పట్నుంచి కొట్లో నాకు చక్కెర లేని టీ వస్తోంది. ఇప్పటికీ అదే వస్తోంది. ముఠా మేస్త్రి ఒకాయన కాకరకాయలు తెచ్చిస్తున్నాడు.

నాలుగు పరీక్షలు బాగానే రాశాను. ఎకనామిక్స్‌లో గిరాకీ, సరఫరా గురించి నేను రాసింది దిద్దిన మేష్టారు మిరప వ్యాపారంలోకి దిగినా ఆశ్చర్యం లేదు. ఐదోది హోం సైన్సు.

ఆహారం నిల్వ చేసే పద్ధతుల మీద ఒక ప్రశ్న. పండుమిర్చి ఉదాహరణగా తీసుకున్నాను, మన సబ్జెక్టే కదా. 'బాగా ఎండబెట్టి, తాలు ఏరి, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు వచ్చినప్పుడు అమ్మాలి' అని రాశాను. ఉప్పు, చింతపండు, నూనె అనే మూడు మాటలు ఎందుకు తట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు. ఏటా నా కళ్లముందే జాడీ నిండుతుంది. అన్నం వండేటప్పుడు పోషకాలు పోకుండా ఏం చెయ్యాలి అన్నారు. మూడు విజిల్స్ అని రాశాను. బియ్యం కడిగి కడిగి పారబొయ్యకూడదు, గంజి వారిస్తే బి విటమిన్లు అందులోనే పోతాయి అని మా ఆవిడ రాసిందట. మా ఇంట్లో గంజి ఎందుకు వార్చరో ఆ రోజు తెలిసింది.

పసుపు మరక ఎలా పోగొట్టాలి అని ఇంకొకటి. ఇది మాత్రం అనుభవంతో రాశాను. 'చొక్కాను విడిచి బాత్రూం తలుపు మీద వెయ్యవలెను. రెండు రోజుల తర్వాత బీరువాలో చూచిన మరక ఉండదు.' ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పని పద్ధతి. దిద్దినవాళ్లకు నచ్చినట్టు లేదు.

ఫలితాలు మా అమ్మాయి ఫోన్లో చూసింది. మా ఆవిడకు ఐదూ జమ. లెక్కల్లో 71. మా అబ్బాయి వాళ్లమ్మను ఎత్తి తిప్పాడు, ఆవిడ దించరా దించరా అంటూనే ఏడ్చింది. నా నంబరు కొట్టి అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. నాలుగు జమ. హోం సైన్సు 27.

డింకీ కొట్టినందుకు నాకు పెద్దగా బాధ లేదు, అలవాటైన పనే. కానీ లెక్కలు తప్పినవాడికి ఊళ్లో తోడుంటారు. హోం సైన్సులో తప్పానని ఎవరితో చెప్పుకోను? డల్లాస్ నుంచి బావమరిది ఫోన్ చేసి అక్కతో గంట మాట్లాడాడు. నాతో మాట్లాడేటప్పుడు ఫోను చేత్తో మూసుకుని నవ్వుతున్నాడని తెలుస్తూనే ఉంది. పిల్లాడికి తెలుగు క్రెడిట్లు రెండూ వచ్చేశాయట. "మావయ్యా, మీకు ఎన్ని?" అన్నాడు. సిగ్నల్ సరిగా లేదన్నాను.

మా ఆవిడ ఇప్పుడు ఓపెన్ ఇంటరుకు దరఖాస్తు పెట్టింది. నాకు మళ్లీ రాయడానికి ఎనిమిదిసార్లు మిగిలి ఉన్నాయి. ఈసారి ట్యూషన్ మా ఇంట్లోనే, చెప్పేది ఆవిడే. మొదటి పాఠానికి పుస్తకం తియ్యనివ్వలేదు. ఆదివారం పొద్దున ముద్దపప్పు, ఆవకాయ తింటూ చొక్కా మీద ఒలకబోసుకున్నాను. అలవాటు చొప్పున విడిచి బాత్రూం తలుపు మీద వేశాను. మంగళవారానికీ అక్కడే ఉంది. గురువారానికీ అక్కడే. శుక్రవారం నేనే బకెట్టు, సబ్బు తీసుకుని పెరట్లో కుళాయి దగ్గర కూర్చున్నాను. మా అబ్బాయి వీడియో తీస్తున్నాడు. పావుగంట రుద్దితే నూనె జిడ్డు వదిలింది గానీ పసుపు మాత్రం సబ్బు తగిలి ఎర్రగా తిరిగింది. కంగారుపడి జాడించి, జామచెట్టు నీడన తీగ మీద ఆరేశాను.

"ఎండలో వెయ్యండి" అంది లోపల్నుంచి, ఇంటరు పుస్తకం పేజీ తిప్పుతూ. "పసుపు పోయేది ఎండకే. నీడలో వేస్తే సగం మార్కులే."